చెవికి కూలి లేదా?

బండి బాగుచేయించుకున్నాక చేతికిచ్చే బిల్లు ఎప్పుడైనా మొదటి నుంచి చివరిదాకా చదివారా? బుష్షులు ఒక జత, ఇంత. లింకు రాడ్డు ఒకటి, ఇంత. గ్రీజు ఇంత, బిగింపు కూలి ఇంత, పైన పన్ను ఇంత. పోయింది ఆ బుష్షేననీ, దాని చుట్టూ ఉన్న సామాన్లన్నీ నిక్షేపంగా ఉన్నాయనీ తేల్చిన పనికి మాత్రం ఆ కాగితంలో ఒక్క వరసా ఉండదు. ఇక మా శ్రీకాకుళం, విజయనగరం వైపు రోడ్డు వార షెడ్లలో కాగితమే ఉండదు. మేస్త్రి బండి కిందికి దూరి, అటూ ఇటూ తట్టి, లాగి, విని, పైకి లేచి చేతులు తుడుచుకుంటూ "ఏటీ నేదు బాబూ, ఎల్లిపొండి" అంటాడు. మనం వెళ్లిపోతాం. అంతసేపూ అతను చేసిన పనికి దక్కేది చొక్కాకి అంటిన మట్టి.

నా ఫిర్యాదంతా ఇదే. సామానుకి వెల కడతాం. బిగించిన చేతికి బేరమాడైనా ఎంతో కొంత ఇస్తాం. కనిపెట్టిన చెవికి కాణీ ఇవ్వం. అసలు విద్యంతా ఆ కనిపెట్టడంలోనే ఉందని మనకి తెలియక కాదు. ఇవ్వకపోయినా నడిచిపోతోంది కాబట్టి ఇవ్వం.

కారు అడుగు నుంచి వచ్చే ఇనప చప్పుడు ఏమిటో తేల్చడం మెకానిక్ పనులన్నిటిలోకీ కష్టమైంది. ఆయిలు కారితే నేల మీద మరక పడుతుంది. లైటు వెలగకపోతే వైరు పట్టుకుని పోవచ్చు. చప్పుడుకి మరకా లేదు, వైరూ లేదు. కారు ఒళ్లంతా ఒకదానికొకటి అతికిన రేకే కాబట్టి, వెనక సైలెన్సర్ దగ్గర పుట్టిన వణుకు అడుగు రేకుని పట్టుకుని పాకి డ్రైవరు కాళ్ల దగ్గర మోగుతుంది. నడిపేవాడు ముందు చక్రమేనని ఒట్టేసి చెబుతాడు. పైగా కొన్ని చప్పుళ్లు ఇంజను వేడెక్కితేనే వస్తాయి, కొన్ని చల్లగా ఉన్నప్పుడే వస్తాయి, కొన్ని వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే తప్ప రావు. షెడ్డు ముందు ఆపేసరికి ఏ చప్పుడూ ఉండదు. లేని చప్పుడుని, ఎదుటివాడి మాటల్లోంచి వినాలి మేస్త్రి.

ఇప్పుడు స్కానర్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. స్టీరింగు కింద ఉన్న సాకెట్లో గుచ్చితే కోడ్ నంబర్లు చెబుతాయి. ఈ ఏర్పాటు ప్రధానంగా పొగ మీద కాపలా కాయడానికి పుట్టింది. ఇంధనం సరిగ్గా కాలుతోందా, ఏ సెన్సరు తప్పు చెబుతోంది అన్నవి దానికి తెలుసు. సైలెన్సర్ మీది రేకు వదులైందనో, లోయర్ ఆర్మ్ బుష్షు చిరిగిందనో అది చెప్పలేదు. కొత్త కార్లకి ఎన్ని తెరలు పెట్టినా, అడుగున మోగే ఇనుముకి ఇప్పటికీ దిక్కు మనిషి చెవే.

మా బావమరిది ఆ మధ్య ఒక పాత కారు కొన్నాడు. కొద్దిరోజులకే అడుగున రేకు వణికినట్టు జిర్రుమని మోత మొదలైంది. అన్నివేళలా రాదు. హైవే మీద ఒక వేగం దగ్గర వస్తుంది, అది దాటితే పోతుంది. నగరంలో ఒక పెద్ద సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు ట్యాబ్‌లో టిక్కులు పెట్టుకుని, ఏసీ గదిలో కాఫీ ఇప్పించి, సాయంత్రానికి అంచనా కాగితం చేతిలో పెట్టాడు. సైలెన్సర్ సెట్టు మొత్తం మార్చాలట. అప్పటికీ పోకపోతే గేరుబాక్సు దింపాలట. మొత్తం ఐదంకెల్లో ఉంది. మావాడు మారు మాట్లాడలేదు. జీతం పడ్డాక తెస్తానని చెప్పి వచ్చేశాడు.

తర్వాత ఒక పెళ్లికని టెక్కలి వెళ్తూ నరసన్నపేట దాటాక హైవే పక్కన ఒక షెడ్డు దగ్గర ఆపాం. తాటాకు పందిరి, దాని మీద టార్పాలిన్, పాత టైర్ల మీద అడ్డంగా వేసిన చెక్క. మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు మొదలెట్టాడు.

"ఎప్పుడొస్తంది బాబూ? తొక్కినప్పుడా, వొదిలీసినప్పుడా?"

"తొక్కినప్పుడే."

"గతుకులో పడితే ఎక్కువవుతాదా?"

"లేదు."

"బ్రేకు కొడితే?"

"తేడా ఏం లేదు."

"మలుపులో?"

"చూస్తే తెలిసిపోతుంది కదా, ఇన్ని ప్రశ్నలెందుకయ్యా?" అని విసుక్కున్నాడు మావాడు.

"సూస్తే తెల్దు బాబూ, ఇంటే తెలస్తాది," అన్నాడు మేస్త్రి, ఏ మాత్రం నొచ్చుకోకుండా.

బండి న్యూట్రల్‌లో పెట్టించి, మెల్లగా రేజ్ చేయమన్నాడు. ఒకచోట జిర్రుమంది. కారు కదల్లేదు, చప్పుడు మాత్రం వచ్చింది. అంతే, సగం బండి లెక్కలోంచి పోయింది. చక్రాలు తిరగడం లేదు కాబట్టి బేరింగులు కావు, బ్రేకులు కావు, యాక్సిలు కాదు. గతుకుతో పని లేదు కాబట్టి బుష్షులూ కావు, లింకు రాడ్లూ కావు. మిగిలింది ఇంజనుతో పాటు వణికే సామాను. షెడ్డులో ఉన్న కుర్రాణ్ని పిలిచి, సరిగ్గా ఆ మోత వచ్చే దగ్గర యాక్సిలరేటర్ పట్టి ఉంచమన్నాడు. తను గోనె పరుచుకుని కిందికి దూరి, ఒక కర్రముక్కతో ఒక్కో సామానునీ అదిమి చూస్తూ పోయాడు. సైలెన్సర్ గొట్టం మీద వేడి పైకి తగలకుండా బిగించిన పలచటి రేకు ఒకటుంటుంది, హీట్ షీల్డు. కర్ర దాని మీద ఆనించగానే మోత ఆగింది. తీశాడు, మోగింది. మళ్లీ ఆనించాడు, ఆగింది. బోల్టు తలని తుప్పు తినేసి ఊడిపోయి, రేకు ఒక మూల గాల్లో ఉంది. పెద్ద వాషరొకటి వేసి, గొట్టం చుట్టూ ఒక క్లిప్పు బిగించాడు. టీ చల్లారేలోపు అయిపోయింది.

"ఎంత?"

"యాబై ఇవ్వండి."

"ఒక్క వాషరుకి యాభయ్యా!" అని ముప్పై చేతిలో పెట్టి కారెక్కాడు మా బావమరిది. మేస్త్రి ఏమీ అనలేదు. పెద్ద అంచనా కాగితం ముందు నోరు మెదపని మనిషి, ఈ పందిరి కింద ఇరవై రూపాయలు గెలిచాడు. దారి పొడుగునా మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ఎందుకంటే అతను అమ్మింది వాషరు కాదు. ఒక ప్రశ్నతో సగం బండినీ, ఇంకో ప్రశ్నతో మిగతాదాంట్లో సగాన్నీ తీసేసే తర్కం అది. ఏ వేగం దగ్గర మోగితే ఏ రేకో చెప్పగలగడం భౌతికశాస్త్రం. ప్రతి వస్తువుకీ తనకంటూ ఒక కంపన సంఖ్య ఉంటుంది, ఇంజను వణుకు దానితో కలిసినప్పుడే ఆ వస్తువు గొంతెత్తుతుంది, దాటగానే ఊరుకుంటుంది. ఇంటర్మీడియెట్‌లో అనునాదం పాఠం చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనం. ఆ పాఠం పేరు వినకుండానే దాన్ని కర్రముక్కతో రుజువు చేసినవాడు అతను. బోర్డు మీద రాసేవాణ్ని మాస్టారంటాం, బండి కింద పడుకున్నవాణ్ని "ఏమోయ్" అంటాం.

ఈ చెవి విద్య ఎంత లోతో ఇంకాస్త చెప్పనివ్వండి. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకున్నప్పుడు మాత్రమే టకటకమంటే, చక్రానికి శక్తినందించే జాయింటు రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు పోయి, ఇసక చేరిందని అర్థం. వేగంతో పాటు పెరిగే ఊళ, గేరు మార్చినా మారనిది, బేరింగుది. అదీ కుడివైపు బేరింగో ఎడమదో తేల్చడానికి, నడుస్తున్న బండిని కొద్దిగా అటూ ఇటూ ఊపి చూస్తారు. బరువు ఒక పక్కకి వాలినప్పుడు ఊళ పెరిగితే ఆ పక్కదే. బ్రేకు వేసినప్పుడు కీచుమంటే ప్యాడ్లు అరిగాయని హెచ్చరిక. గర్రుమంటే హెచ్చరిక గడువు దాటిపోయింది, ఇనుము ఇనుముని తింటోంది. కొత్తగా చిప్సు పోసిన రోడ్డు మీద వెళ్లొచ్చాక ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడే కీచు మొదలైతే, డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య రాయి ఇరుక్కుని ఉండొచ్చు. తెలిసినవాడు బండిని నాలుగడుగులు వెనక్కి నడిపించి చూస్తాడు, ఒక్కోసారి అదే రాలిపోతుంది. తెలియనివాడు డిస్కులు మార్చేస్తాడు. క్లచ్చు వదలగానే అడుగున ఒక్కసారి ఠంగుమనే జీపుల్లో, వ్యాన్లలో పొడుగు షాఫ్టు చివర క్రాసు అరిగి ఉంటుంది. దాని గిన్నెల చుట్టూ కుంకంలాంటి ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు.

వీటిలో కొన్ని చప్పుళ్లు చిరాకు పెడతాయంతే. కొన్ని ప్రాణం తీస్తాయి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటు అరిగితే, మొదట గతుకుల్లో టక్కుమనే చిన్న చప్పుడే. ఊడిన రోజున చక్రం పక్కకి మడత పడిపోతుంది. తక్కువ వేగంలో లయగా డుగ్ డుగ్ మంటే చక్రం నట్లు వదులై ఉండొచ్చు. చిరాకు పెట్టేవాటినీ, ప్రాణం తీసేవాటినీ వేరుచేసి, "ఇది తర్వాత సూసుకోవొచ్చు, ఇదైతే ఇయ్యాలే మార్చీయాల" అని చెప్పగలిగిన మనిషి వల్ల ఎన్ని ప్రమాదాలు జరగకుండా పోయాయో ఏ లెక్కలోనూ ఉండదు. జరగని ప్రమాదానికి ఎఫ్‌ఐఆర్ రాయరు కదా.

మా ప్రాంతం సంగతి వేరేగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా పొడవునా సముద్రమే. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు తిరిగే బండ్ల అడుగుభాగాన్ని ఉప్పుగాలి మెల్లగా కొరుక్కుతింటుంది. ఎక్కడో పొడి నేల మీద ఏళ్లు నిలిచే బోల్టు ఇక్కడ ముందే చేతిలో పొడైపోతుంది. పైగా పంటలప్పుడు రోడ్డే కళ్లం. ఉలవలు, చోళ్లు, మినుములు తారురోడ్డు మీద పరుస్తారు, బండ్లు వాటి మీదుగా తొక్కుకుంటూ పోవాలి. ఆ పంటల ఎండు కట్టె బండి అడుగున చుట్టుకుని, కాలే సైలెన్సర్‌కి ఆనుకుంటే నిప్పంటుకుంటుంది. అందుకే హీట్ షీల్డు మోగుతోందని పీకి పారేయమంటే మా మేస్త్రిలు ఒప్పుకోరు. ఆ రేకు ఎందుకుందో వాళ్లకి తెలుసు. పీకేసి చప్పుడు మాన్పడం సులువు, బిగించి మాన్పడం కష్టం, కూలి మాత్రం రెంటికీ ఒకటే.

ఇక సాలూరు. 2022లో జిల్లాలు చీల్చాక పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ, విజయనగరం వాళ్లకి ఇంకా తమ ఊరే. విజయవాడ తర్వాత లారీలకి పేరు సాలూరే. విజయనగరం నుంచి రాయపూర్ వైపు పోయే పాత 43వ నంబరు రోడ్డు, ఇప్పటి 26, సాలూరు దాటగానే కొండెక్కుతుంది. సుంకి ఘాట్ దిగి వచ్చిన లోడు లారీ బ్రేకు డ్రమ్ముల వాసనతో ఊళ్లోకి వస్తుంది. అక్కడి మేస్త్రి సుత్తి పట్టుకుని ఒక్కో చక్రం బోల్టునీ తట్టుకుంటూ లారీ చుట్టూ తిరుగుతాడు. బిగుతుగా ఉన్నది ఖణేల్మంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. కమాన్ కట్టలో విరిగిన పట్టీ కంటికి కనపడకముందే తట్టితే దొరికిపోతుంది. ఆ మోతల తేడా వినలేనివాడు తట్టినా ఒకటే, తట్టకపోయినా ఒకటే.

అదే సాలూరు పాట వల్ల కూడా పేరు తెచ్చుకుంది. పట్రాయని సీతారామశాస్త్రి గారిని సాలూరు చిన గురువుగారనేవారు. విజయనగరం సంగీత కళాశాలలో ఘంటసాలకి గురువు ఆయన. సాలూరి రాజేశ్వరరావు పుట్టిన శివరామపురం ఆ పక్కనే. విజయనగరంలో ఆ కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు. చూపు సరిగా లేకపోయినా ద్వారం వెంకటస్వామి నాయుడు వాయులీనంతో దేశాన్ని గెలిచిందీ ఇక్కడి నుంచే. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా పట్టుకునే చెవికి రాజు కొలువిచ్చాడు, ఊరు నెత్తిన పెట్టుకుంది. ఇంత తెలిసిన ఊళ్లలోనే, బేరింగు శ్రుతి తప్పిందని పట్టుకునే చెవికి గోనెపట్టా తప్ప ఆసనం లేదు. కీర్తనా, బేరింగూ ఒకటేనా అని కోప్పడేవాళ్లుంటారు. ఒకటని నేను అనడం లేదు. వినడంలో ఉన్న సాధనని గుర్తించడం చేతనైన జనమే రెండోచోట చెవిటివాళ్లైపోవడం గురించి అంటున్నాను.

వినడానికి జీతమివ్వడం కొత్తేమీ కాదు. రైళ్లు ఆగినప్పుడు పొడుగు పిడి సుత్తితో చక్రాలు తట్టి, మోతని బట్టి పగులు కనిపెట్టే మనుషుల్ని రైల్వే ఉద్యోగంలో పెట్టుకుంది. 1816లో పారిస్ వైద్యుడు లెనెక్ కాగితం గొట్టంగా చుట్టి రోగి గుండెకి ఆనించి విన్నాడు, అది స్టెతస్కోపు అయింది. మా మేస్త్రిలు పొడుగు స్క్రూడ్రైవరు మొనని బేరింగు గూడుకి ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకి అదుముకుని వింటారు. డాక్టరు మన ఛాతీ మీద గొట్టం పెట్టి "ఏం లేదు, హాయిగా ఉండండి" అంటే సంతోషంగా ఫీజిచ్చి, దణ్ణం పెట్టి మరీ వస్తాం. మేస్త్రి "ఏం లేదు" అంటే, ఏం లేనిదానికి డబ్బులెందుకంటాం.

ఇక్కడే అసలు చేటు ఉంది. కనిపెట్టినందుకు కూలి లేనప్పుడు, నిజం చెప్పినవాడు పస్తుంటాడు. ఏమీ పోలేదన్నవాడికి సున్నా. రెండు సామాన్లు పోయాయన్నవాడికి సామాను మీద మార్జిను, బిగింపు కూలి. చప్పుడు ఆగేదాకా ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోయే మెకానిక్‌లు ఉన్నారు, లేరనను. షెడ్లలోనూ ఉన్నారు, అద్దాల మేడల్లో ఇంకా ఎక్కువ ఉన్నారు. వాళ్లని మోసగాళ్లని తిట్టుకుంటాం. మోసానికి కూలిచ్చి, నిజాయితీని ఉచితంగా అడిగే పద్ధతి పెట్టింది మనమే. ఈ పద్ధతిలోనూ ఆ నరసన్నపేట మేస్త్రిలాంటివాళ్లు మిగిలి ఉండడం వాళ్ల మంచితనమే, మన గొప్ప కాదు.

ప్రభుత్వాల సంగతి చూద్దాం. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. చేతులతో, పనిముట్లతో పనిచేసే 18 వృత్తులకి శిక్షణ, 15,000 రూపాయల పనిముట్లు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా హామీ అక్కర్లేని అప్పు. మంచిదే. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడున్నాడు, పడవలు కట్టేవాడు, వలలు అల్లేవాడు, దర్జీ, మంగలి, చాకలి, మేదరి అందరూ ఉన్నారు. ఉండాలి కూడా. మోటారు మెకానిక్ లేడు. గురుశిష్య పరంపరని నిలబెట్టడం ఆ పథకం ఆశయాల్లో ఒకటని రాసుకున్నారు. మా షెడ్లలో ఉన్నది పరంపర కాకపోతే ఇంకేమిటో ఎవరైనా చెప్పాలి. ఏ సర్టిఫికెట్టూ లేకుండా ఒక చెవి నుంచి ఇంకో చెవికి దిగుతున్న విద్య అది.

రాష్ట్రంలో 2019 అక్టోబరులో వాహనమిత్ర పేరుతో సొంత ఆటో, ట్యాక్సీ నడుపుకునేవాళ్లకి ఏడాదికి 10,000 ఇచ్చారు, బీమాకీ, ఫిట్‌నెస్‌కీ, మరమ్మతులకీ. ప్రభుత్వం మారాక 2025 అక్టోబరులో ఆటోడ్రైవర్లకి 15,000 అన్నారు. 2020 జూన్‌లో చేదోడు కింద దర్జీలకీ, రజకులకీ, నాయీబ్రాహ్మణులకీ 10,000 ఇచ్చారు. బండి నడిపేవాడికి మరమ్మతు ఖర్చు ఇవ్వాలని తోచిన ప్రభుత్వాలకి, ఆ మరమ్మతు చేసేవాడొకడున్నాడని ఒక్కసారీ తోచలేదు. ఏ పార్టీ వచ్చినా ఇంతే. మెకానిక్‌లకి కులసంఘం లేదు, ఓటు బ్యాంకు లేదు, అదొకటే తేడా.

చట్టం వైపు చూస్తే కడుపు మండుతుంది. 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. అసలు విడిభాగాలు, లోపం కనిపెట్టే పరికరాలు, మరమ్మతు పుస్తకాలు బయటి మెకానిక్‌లకి దొరక్కుండా చేస్తున్నారని కమిషన్ తేల్చింది. అవి అందుబాటులో పెట్టమంది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. కార్లూ అందులో ఉన్నాయి. ఇన్ని జరిగాయి. రణస్థలంలోనో, బొబ్బిలిలోనో ఒక షెడ్డుకి వెళ్లి, తెలుగులో అచ్చైన ఒక్క కంపెనీ మరమ్మతు పుస్తకం చూపించమనండి. పుస్తకాలు దాచిపెట్టి, పరికరాలు తాళం వేసి, "బయటివాళ్లకి ఏమీ రాదు, వారంటీ పోతుంది" అని కస్టమర్లని భయపెట్టడం ఎంత తెలివి!

ఐటీఐల్లో మోటారు మెకానిక్ కోర్సు రెండేళ్లు. అది చదివినవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీలకి పోతారు, లేదా హైదరాబాద్, చెన్నై పోతారు. ఇక్కడి షెడ్లకి ఎవరూ రావడం లేదు. ఒకప్పుడు పన్నెండేళ్ల గుంటడిని తెచ్చి మేస్త్రి దగ్గర వదిలేవారు. అది పోవడం మంచిదైంది, పిల్లలు బడిలోనే ఉండాలి. కానీ ఆ దారి మూసినప్పుడు, చదువు ముగిశాక పద్దెనిమిదేళ్లవాడు స్టైపెండు మీద షెడ్డులో చేరే దారి ఇంకొకటి తెరవాలి కదా. తెరవలేదు. ముందే నేర్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు కేంద్రం కౌశల్ వికాస్ పథకంలో ఉంది. ఆ పరీక్షలో పానా ఎలా పట్టుకోవాలో అడగడం తేలిక. చప్పుడు వినిపించి అదేమిటో అడిగినప్పుడు కదా మా మేస్త్రి ముందు పెద్ద చదువులవాళ్లు తేలేది.

ఆ చెవులు కూడా ఎక్కువ కాలం ఉండవు. రోజంతా సుత్తి దెబ్బలు, గ్రైండరు మోత, కంప్రెసరు. చెవులకి అడ్డం పెట్టుకునే వంద రూపాయల రబ్బరు బిళ్లలు నేను మా వైపు ఏ షెడ్డులోనూ చూడలేదు. బ్రేకు లైనర్ల దుమ్ముని గాలి కొట్టి ఊదేస్తారు, అదే గాలి పీలుస్తారు. ఒకరిద్దరు పనిచేసే షెడ్డుకి ఫ్యాక్టరీల నిబంధనలు వర్తించవు, ఈఎస్ఐ ఉండదు. జాకీ జారితే కింద ఉన్నవాడి గతి దేవుడికెరుక. ఏ అవయవంతో బతుకుతున్నాడో దాన్నే ఆ బతుకు తినేస్తుంటే, దానికి విలువే లేదనుకునే సమాజం నష్టపరిహారం ఇస్తుందా?

కరెంటు కార్లొస్తే ఈ పనులన్నీ పోతాయనేవాళ్లకి ఒక మాట. ఇంజను మోత లేని కార్లలో అడుగు చప్పుళ్లు ఇంకా బాగా వినిపిస్తాయి. బుష్షులు, బేరింగులు, బాల్ జాయింట్లు, బ్రేకులు వాటికీ ఉన్నాయి. సైలెన్సర్ మాత్రం ఉండదు.

అడిగేవి పెద్ద కోరికలు కావు. విశ్వకర్మ జాబితాలో పంతొమ్మిదో వృత్తిగా మోటారు మెకానిక్‌ని చేర్చడానికి పార్లమెంటులో చట్టం చేయక్కర్లేదు, కేంద్ర మంత్రివర్గం తలుచుకుంటే చాలు. శ్రీకాకుళం, విజయనగరం, సాలూరు ఎమ్మెల్యేలు, ఎంపీలు ఆ ఒక్క మాట అడగొచ్చు. వాళ్ల కార్లూ ఈ గతుకుల మీదే తిరుగుతాయి. ఐటీఐలు ఏడాదికి కొన్నాళ్లయినా ఈ మేస్త్రిలని పిలిచి, కుర్చీ వేసి, పాఠం చెప్పించుకుని, గౌరవ వేతనం ఇవ్వొచ్చు. మేస్త్రిలు కూడా "చూడ్డానికి ఇంత" అని షెడ్డు ముందు బోర్డు రాసి పెట్టాలి. సిగ్గుపడకూడదు.

అవన్నీ అయ్యేదాకా మీరొక పని చేయొచ్చు. ఈసారి మేస్త్రి బండి కింద నుంచి లేచి "ఏటీ నేదు బాబూ" అన్నప్పుడు, చూసినందుకు ఎంతని అడగండి. వద్దంటాడు. అయినా సరే, ఇచ్చి కదలండి.